ఇంటి పెరటికి పాతకాలపు గులాబీలు

గులాబి అన్న మాటకు మూలార్థం పువ్వు కాదు, నీరు. పారశీకంలో 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. రెండూ కలిసిన 'గులాబ్' అంటే పూలనుండి దించిన పరిమళజలం. ఆ భాష మాట్లాడేవారు నేటికీ గులాబ్ అని పన్నీటినే అంటారు. ఆ మాట మన దేశంలో అడుగుపెట్టిన తరువాత సీసాలోని నీటి పేరు తోటలోని పువ్వుకు సంక్రమించినది. తెలుగువారు పువ్వుకు గులాబి అన్న పేరు తీసుకొని, నీటికి మాత్రం తమ 'పన్నీరు'నే నిలుపుకొన్నారు. చలువ, మంచు అనే అర్థమున్న 'పని' అన్న ద్రావిడ పదానికి నీరు చేరి ఈ మాట ఏర్పడినదని చెబుతారు. మన పూర్వులు గులాబిని ముందుగా వాసనకొరకు ఎరిగినారని, రూపంకొరకు తరువాతనే ఎరిగినారని ఈ చిన్న పదచరిత్ర వల్ల బోధపడుతుంది.

నేడు పూల అంగడిలో పొడవాటి కాడతో, బిగువైన మొగ్గతో కనిపించే గులాబిని ముక్కు దగ్గరకు తెచ్చుకొన్నవారు చాలమంది నిరాశపడే ఉంటారు. అది ఆ పువ్వు దోషం కాదు. దూరప్రయాణానికి తట్టుకోవాలి, నీళ్ళ కూజాలో వారం రోజులు నిలవాలి, మొగ్గ ఆకారం చెడకూడదు అన్న లక్ష్యాలతో తరతరాలుగా ఎంపిక జరిగితే, లక్ష్యంలో లేని గుణం జారిపోవడం సహజమే. అందుచేతనే తాతల ఇంటి బావిగట్టున పూసిన లేతగులాబిరంగు పువ్వు, సాయంకాలం వీథి మలుపు వరకు వాసన వచ్చిన ఆ పువ్వు, మళ్ళీ కావాలని కోరేవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. కాని ఆ పువ్వు పేరేమిటి? దానిని ఏమని అడగాలి? ఎవరిని అడగాలి? వచ్చిన మొక్క అదేనని గుర్తించడం ఎట్లా? పాతకాలపు గులాబిని ఇంటికి తెచ్చుకోదలచినవారికి ఎదురయ్యే చిక్కులన్నీ ఈ ప్రశ్నలలోనే ఉన్నాయి.

'పాత' అనడానికి హద్దు ఏది?

పాశ్చాత్యులు ఈ హద్దును ఒక సంవత్సరంతో గీచినారు. 1867లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో గీయో అనే తోటమాలి 'లా ఫ్రాన్స్' అనే రకాన్ని వెలువరించినాడు. హైబ్రిడ్ టీ అనే ఆధునిక వర్గానికి అది మొదటిదని భావిస్తారు. ఆ ఏటికి ముందే ఉన్న వర్గాలకు చెందినవన్నీ పాత తోట గులాబీలు, తరువాతి వర్గాలవి కొత్తవి. వర్గం పాతదైతే చాలును, అందులోని రకం 1867 తరువాత పుట్టినదైనా పాతదిగానే లెక్క.

ఈ లెక్క మన దేశానికి పూర్తిగా సరిపోదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒక ఊరిలో మూడు తరాలుగా కొమ్మ నాటుకొని పంచుకొంటూ వచ్చిన మొక్క, ఏ పుస్తకంలోనూ పేరు లేకపోయినా, ఆ ఊరికి వారసత్వ సంపదే. ఉదాహరణకు 'గ్రుస్ ఆన్ తెప్లిట్స్' అనే ఎర్రగులాబిని తీసుకొందాము. దానిని గెష్వింద్ అనే ఆయన ఆస్ట్రియా–హంగరీలో పెంచగా, అది 1897లో వెలువడినది. హద్దు గీతకు ముప్పై ఏళ్ళు తరువాతిదే. అయినను మన దేశంలో అది గుల్కందుకు, దండలకు ఎంతగా కలిసిపోయినదంటే, దానికి జర్మన్ పేరున్నదని తెలిసినవారు అరుదు. (గుల్కందులోని 'కంద్' అంటే పంచదార. మన కలకండకు అది చుట్టమే.)

ఆసియా మొక్కలు లేనిదే ఈ కథ లేదు. ఐరోపాలోని పాత గులాబీలలో చాలభాగం సంవత్సరానికి ఒక్కసారి, వసంతంలో మాత్రమే పూసేవి. చైనా గులాబీలు నెలనెలా పూస్తాయి. పూత ఋతువును అదుపులో ఉంచే ఒక జన్యువు వాటిలో చెడిపోయి, ఆ అదుపు తొలగిపోవడమే ఇందుకు కారణమని ఈ శతాబ్దపు పరిశోధనలు తేల్చినాయి. పద్దెనిమిదవ శతాబ్దం చివర ఈ చైనా మొక్కలు ఓడలమీద కలకత్తా మీదుగా ఐరోపా చేరినాయి. 1787లో స్థాపితమైన కలకత్తా వృక్షోద్యానం ఆనాటి మొక్కల రాకపోకలకు పెద్ద మజిలీ. చైనా గులాబీలను ఫ్రెంచివారు 'బెంగాల్ గులాబీలు' అని పిలవడానికి కారణం ఇదే. పుట్టిన దేశం ఒకటి, పేరు తెచ్చుకొన్న రేవు మరొకటి.

మన తోటలలోని పాతవారు

డమాస్కస్ పేరుమీద 'డమాస్క్' అని పిలువబడే గులాబిది మన దేశంలో ప్రథమస్థానం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్, అలీగఢ్, హాథరస్ ప్రాంతాలలో అత్తరు, గులాబ్‌జలం ఈ పువ్వుతోనే తీస్తారు. తెల్లవారుజామున కోసిన పూలను రాగి 'దేగ్'లో నీటితో కాచి, ఆవిరిని వెదురు గొట్టం ద్వారా 'భప్కా' అనే పాత్రలోకి పంపి చల్లబరచే పద్ధతి కన్నౌజ్‌లో ఇంకను నడుస్తున్నది. కిలో గులాబి తైలానికి సుమారు మూడు నుండి ఐదు టన్నుల పూలు కావలసి ఉంటుంది. ఈ తైలాన్ని గురించి జహంగీరు చక్రవర్తి తన స్మృతులలో వ్రాసుకొన్నాడు. పన్నీటిని వేడి పాత్రలలో పోసినప్పుడు పైన తేలిన తెట్టును నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం సేకరించినదని, దానికి 'ఇత్ర్-ఎ-జహంగీరీ' అని పేరు పెట్టినారని అందులో ఉన్నది. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ తాను రూపొందించిన డమాస్క్ రకానికి 'నూర్జహాన్' అన్న పేరు పెట్టుటలో ఈ జ్ఞాపకం కనిపిస్తుంది.

డమాస్క్ పుట్టుక చాలకాలం వాదవివాదాలకు గురియైనది. 2000లో జపాన్ పరిశోధకులు డి.ఎన్.ఏ. పరీక్షలతో దాని వంశంలో మూడు జాతులున్నాయని చూపినారు: గాలికా, మస్క్, మధ్య ఆసియాలోని ఫెద్చెంకోవానా. అంటే ఒకే మొక్కలో ఐరోపా, పశ్చిమాసియా, మధ్య ఆసియా కలిసి ఉన్నాయన్నమాట.

రెండవది 'ఎడ్వర్డ్'. ఈ పేరు విని ఎవరో ఆంగ్ల రాజు జ్ఞాపకార్థం పెట్టినదని అనుకొనేవారున్నారు. నిజానికిది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపానికి చెందిన 'ఎద్వార్'. ఆనాడు ఆ ద్వీపం పేరు బూర్బోన్. అక్కడి రైతులు పొలాలకు కంచెగా చైనా గులాబిని, ఏడాదిలో మళ్ళీ పూసే డమాస్క్‌ను పక్కపక్కన నాటేవారు. ఆ కంచెలో రెండూ కలిసి పుట్టిన మొక్కకు అక్కడి తోట యజమాని ఎద్వార్ పెరిషోన్ పేరు నిలిచినది. 1817లో బ్రెయోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానిని గుర్తించి గింజలను పారిస్ పంపగా, అక్కడ బూర్బోన్ అనే వర్గమే వెలసినది. అదే మొక్క ఇటు భారతదేశానికి వచ్చి, ఎద్వార్ కాస్తా ఎడ్వర్డ్ అయినది. రాజస్థాన్‌లో పుష్కర్, హల్దీఘాటీ ప్రాంతాలలో చైత్రమాసంలో విరివిగా పూచే 'చైతీ' లేదా 'చైత్రీ' గులాబి పొలాలు చూడదగినవి. హల్దీఘాటీ దారిలో గుల్కందు, గులాబ్‌జలం అమ్మే దుకాణాలు బారులు తీరి ఉంటాయి.

తమిళనాడు పూల వ్యవసాయంలో విడిపూల కొరకు పెంచే గులాబీలలో ఎడ్వర్డ్‌తో పాటు 'ఆంధ్రా రెడ్' అనే పేరుకూడ ఉన్నది. మన ఎర్రగులాబి పొరుగువారి పొలంలో మన పేరుతోనే బ్రతుకుతున్నది! తమిళులు, కన్నడిగులు 'పన్నీర్ రోజా' అని ఆప్యాయంగా పిలిచే లేతగులాబిరంగు పువ్వు డమాస్క్, ఎడ్వర్డ్‌ల కుటుంబానికి దగ్గరిది. పూజకు, పెళ్ళి దండలకు, తాంబూలానికి ఇదే. రేకులు మెత్తనివి, పూట గడిస్తే రాలిపోతాయి. అంగడికి ఇది లోపం, ఇంటికి కాదు.

కొండ ప్రాంతాలలో మరొక వర్గం ఉన్నది. నీలగిరి, కొడైకానల్, సిమ్లా, డార్జిలింగ్ వంటి చోట్ల పాత బంగళాల వరండాలమీద పాకే టీ, నువాజెట్ గులాబీలు అవి. 1864లో ఫ్రాన్సునుండి వచ్చిన పసుపురంగు 'మారెషల్ నీల్', 1853 నాటి 'గ్లోయిర్ ద దిజోన్', 1869 నాటి పళ్ళెమంత పువ్వు 'పాల్ నేరోన్' ఆనాటి తోటల పుస్తకాలలో తరచు కనబడే పేర్లు.

ఇక మనకే పుట్టిన అడవి గులాబీల సంగతి. వీటిని గూర్చి మన పాఠ్యపుస్తకాలు దాదాపు మౌనం వహిస్తాయి. హిమాలయ సానువులలో తెల్లని గుత్తులతో చెట్లమీదికి ఎగబ్రాకే మస్క్ గులాబిని హిందీలో 'కూజా' అంటారు. సంస్కృత వైద్యగ్రంథాల 'కుబ్జక' ఇదేనని పండితుల మాట. మణిపూర్‌లో 1882లో జార్జ్ వాట్ సేకరించిన 'రోజా జైగాంటియా'కు గులాబీ జాతులన్నింటిలోనూ పెద్ద పువ్వు, పెద్ద కాయ. బెంగాల్, బీహార్‌ల నదీతీరాలలో పెరిగే 'క్లైనోఫిల్లా' వానకాలమంతా మోకాలి లోతు నీటిలో నిలిచినా కుళ్ళదు. నీలగిరి, పళని కొండలలో 'లెషనోల్టియానా' ఉన్నది. ఉష్ణదేశపు ఎండకు తట్టుకొనే గులాబీలు ఈ జాతులనుండే రావాలని భావించి, జైగాంటియా, క్లైనోఫిల్లాలతో దశాబ్దాలపాటు సంకరం చేసినవారు వీరరాఘవన్, గిరిజ దంపతులు. ఆంధ్రప్రదేశ్ విభాగపు ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసిన వీరరాఘవన్ ముందుగానే ఉద్యోగం విడిచి కొడైకానల్‌లో స్థిరపడినారు. వారి గులాబీలలో ఒకటి వృక్షశాస్త్రజ్ఞురాలు ఇ. కె. జానకి అమ్మాళ్ పేరు ధరించినది.

ఈ సందర్భంలో బి. పి. పాల్‌ను తలచుకోకుండా ఉండలేము. గోధుమ పరిశోధకుడిగా, భారత వ్యవసాయ పరిశోధన మండలి తొలి డైరెక్టర్ జనరల్‌గా ఆయన దేశానికి తెలుసు. 1966లో ఆయన వ్రాసిన 'ది రోజ్ ఇన్ ఇండియా' నేటికీ కళాశాల గ్రంథాలయాలలో ఉండదగిన పుస్తకం. ఆయన సంకరాలు 'రోజ్ షర్బత్', 'ఢిల్లీ ప్రిన్సెస్' వంటివి ఇప్పుడు అవే పాతవాటిలో చేరుతున్నాయి. చండీగఢ్‌లో 1967లో నెలకొల్పిన గులాబి ఉద్యానానికి డాక్టర్ జాకిర్ హుస్సేన్ పేరు పెట్టినారు. ఆయన జన్మస్థలం హైదరాబాదు.

పేర్ల చిక్కు

హిందీనుండి తెలుగులోకి అనువదించేవారికి పూల పేర్లవద్ద ఆగి ఆలోచించవలసి వస్తుంది. హిందీ 'సేవతీ' తెల్లగులాబి. తెలుగువారి చెవికి అది సేవంతి, అనగా చేమంతి. 'దేశీ గులాబ్' అన్న మాట మరింత మోసకారి. నిఘంటువు చూసి 'నాటు గులాబి' అని వ్రాసితే వ్యాకరణానికి తప్పులేదు. కాని అలీగఢ్ రైతు నోట దేశీ అంటే డమాస్క్ కావచ్చును, అజ్మీర్ వైపు చైతీ కావచ్చును, మన వైపు నాటు అంటే పన్నీరు గులాబి గాని, ఎర్రగా గుత్తులుగా పూచే మరొకటి గాని కావచ్చును. ఎక్కడ పూచినది ఎక్కడివారికి దేశీయే. అనువాదకుడైతే ఒక పాదసూచికతో బయటపడగలడు. మొక్కకు డబ్బు కట్టినవారికి ఆ సౌకర్యం లేదు.

మరొక సంగతి వినడానికి వింతగా ఉంటుంది. ఉత్తరాది మైదానాలలో ఎడ్వర్డ్‌ను అంటు కట్టడానికి మొదలుమొక్కగా కూడ వాడుతూ వచ్చినారు. ఏదో ఖరీదైన హైబ్రిడ్‌ను దానిమీద కన్ను అంటు కడతారు. కొన్నేళ్ళకు అంటు చచ్చిపోతుంది, మొదలునుండి ఎడ్వర్డ్ చిగురించి పూస్తుంది. ఇంటివారు 'మా గులాబి రంగు మారినది' అనుకొంటారు. రంగు మారలేదు, యజమాని పోయి ఇల్లు పట్టిన సేవకుడు ఇంటిని నిలబెట్టినాడు. ఈ విధంగా నిలిచిన మొక్కలనే కొందరు తాతలనాటి గులాబి అని ప్రేమగా పెంచుకొంటున్నారు. ప్రేమలో తప్పులేదు, గుర్తింపులో మాత్రం జాగ్రత్త ఉండాలి.

గుర్తింపుకు పువ్వు ఒక్కటే చాలదు. ఆకు, ముల్లు, మొగ్గ కాడ చూడాలి. డమాస్క్ ఆకు మెత్తగా, కొంచెం బూడిద కలిసిన పచ్చగా ఉంటుంది. కొమ్మమీద పెద్ద ముళ్ళ నడుమ సన్నని నూగుముళ్ళు ఉంటాయి. మొగ్గ కాడను వ్రేళ్ళతో రాస్తే జిగురు, వాసన అంటుతాయి. చైనా గులాబి ఆకు నునుపు, ముళ్ళు తక్కువ, కొమ్మ సన్నము. దక్షిణాదిలో మొదలుమొక్కగా వాడే 'మల్టిఫ్లోరా'ను పట్టుకోవడం సులభం: ఆకు కాడ మొదట అంటుకొని ఉండే చిన్న రెక్కల అంచులు దువ్వెన పళ్ళవలె చీలి ఉంటాయి. కొన్న మొక్క అడుగునుండి ఇటువంటి ఆకు వస్తున్నట్లైతే అది కొన్న గులాబి కాదు, దానిక్రింది మొదలు. పైపైన కత్తిరిస్తే మరింత బలంగా లేస్తుంది. మట్టి తొలగించి, వేరు దగ్గర పుట్టిన చోటునుండే చీల్చివేయాలి.

ఏది ఎక్కడ?

గులాబి ఎంపికలో అభిరుచికన్న వాతావరణం పెద్దది. ఈ మాట కొంత కఠినంగా తోచవచ్చును గాని, బొమ్మలు చూసి కోరుకొన్న మొక్కలు రెండు వేసవులలో ఎండిపోవడానికి కారణం ఇదే. గాలికా, ఆల్బా వంటి ఐరోపా పాతజాతులకు నిజమైన చలికాలం కావాలి. చలి తగలనిదే వాటిలో పూమొగ్గ సరిగా కట్టదు. కాశ్మీర్, హిమాచల్‌లలో అవి శోభిస్తాయి. విజయవాడలోనో, వరంగల్‌లోనో వాటిని నాటడం మామిడిని సిమ్లాలో నాటడం వంటిది. అసలు డమాస్క్ కూడ సముద్రతీరపు ఉక్కలో ఆకులతో కళకళలాడుతుందే గాని పూతకు పిసినారి.

తెలుగునాట మైదానాలకు ఎడ్వర్డ్, పన్నీరు గులాబి, చైనా వర్గంలోని 'ఓల్డ్ బ్లష్', పైన చెప్పిన గ్రుస్ ఆన్ తెప్లిట్స్ నమ్మదగినవి. మొదటిసారి నాటేవారు వీటితోనే ఆరంభించడం మేలు. మదనపల్లె, అరకు వంటి చల్లని ఎత్తైన ప్రదేశాలవారు టీ గులాబీలను ధైర్యంగా ప్రయత్నించవచ్చును. టీ గులాబీలు ఎండకు ఓర్చుకొంటాయి గాని కత్తిరింపును సహించవు. పందిరికి మారెషల్ నీల్ అందమైనదే. దాని పువ్వు తల వంచుకొని పూస్తుంది కాబట్టి క్రిందనుండి చూసేవారికే అది అందుతుంది.

స్థలం కొలత ముందే వేసుకోవాలి. హైబ్రిడ్ మొక్కకు రెండున్నర అడుగులు చాలును. ఎడ్వర్డ్‌కు, డమాస్క్‌కు నాలుగైదు అడుగులు ఇవ్వనిదే గాలి ఆడదు, గాలి ఆడనిచోట నల్లమచ్చ తెగులు వస్తుంది. మేడమీద కుండీలలో పెంచేవారికి చైనా గులాబీలే తగినవి. ఎక్కడైనను రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి.

మొక్క తెప్పించడం

ముందుగా చెప్పవలసినది: గింజలు కొనకూడదు. పాత రకం దేనినీ గింజనుండి అదే రకంగా పొందలేము. గింజనుండి వచ్చేది తల్లిని పోలిన బిడ్డే గాని తల్లి కాదు. ఏడురంగుల గులాబి గింజలు, నీలి గులాబి గింజలు అంటూ బొమ్మలు వేసి అమ్మేవి వట్టి మోసం. గులాబీలో సహజంగా నీలివర్ణం లేదు. జపాన్ సంస్థ ఒకటి జన్యుమార్పిడితో 2004లో సాధించినట్లు ప్రకటించిన 'నీలి' గులాబి కూడ నిజానికి లేత ఊదారంగుదే.

విదేశాలనుండి వచ్చే బంధువుల పెట్టెలో కొమ్మలు తెప్పించుకోవాలన్న ఆశకూడ మానుకోవాలి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతికి అనుమతిపత్రం, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఇది కాగితాల పట్టుదల కాదు. ఒక కొమ్మతో వచ్చే పురుగు, వైరస్ జిల్లాలోని పూలరైతులందరినీ ముంచగలదు.

దేశంలోని నర్సరీలు చాలును. గోదావరి తీరాన కడియం నర్సరీల పేరు తెలియని తెలుగువారు ఉండరు. బెంగళూరు, పూనా, బెంగాల్, సహరన్‌పూర్ వైపుకూడ గులాబి నర్సరీలు చాలా ఉన్నాయి. అయితే పెద్ద నర్సరీలు అమ్ముడుపోయేదానినే పెంచుతాయి. అందుచేత పాత రకాలు అక్కడ ముందు వరుసలో ఉండవు, అడిగితే వెనుకనుండి వస్తాయి. అడగడంలోనే ఉన్నది నేర్పు. 'దేశీ గులాబి ఉన్నదా?' అని అడిగితే ఉన్నదనే జవాబు వస్తుంది. 'మీ దేశీ గులాబి ఏడాదికి ఎన్నిసార్లు పూస్తుంది? పూర్తిగా విచ్చిన పువ్వు, దాని ఆకు, ముల్లు కనిపించే ఫోటో పంపగలరా? సొంత వేరుమీదిదా, అంటుదా? అంటు అయితే దేనిమీద కట్టినారు? తల్లిమొక్క ఎక్కడినుండి వచ్చినది?' అని అడిగితే, ఎదుటివాడు తన మొక్కను ఎరిగినవాడా కాడా అన్నది మూడు జవాబులలో తేలిపోతుంది. 'తెలియదు' అని నిజాయితీగా చెప్పే నర్సరీవాడు, అన్నింటికీ అవునన్న నర్సరీవానికన్న నయము.

పాత గులాబీలకు సొంత వేరుమీది మొక్కలే మంచివని మా మతం. అంటుమొక్క తొందరగా బలపడుతుంది, నిజమే. కాని ముందు చెప్పినట్లు, పైభాగం చచ్చిపోతే రకమే పోతుంది. సొంత వేరు మొక్క మొదటి ఏడు చిన్నబోయి కనిపించినా, ఎండకో, మేకకో బలియైన తరువాత వేరునుండి తిరిగి చిగురిస్తే మళ్ళీ అదే గులాబి. కొమ్మ సులభంగా వేరు పట్టని రకాలకు మాత్రం అంటు తప్పదు.

మైదానాలలో మొక్క తెప్పించడానికి అక్టోబరు నుండి జనవరి వరకు అనువైన కాలం. కొండలమీద చలి తగ్గిన ఫిబ్రవరి, మార్చి. ఏప్రిల్‌లో ఎంత చౌకగా ఇస్తామన్నా తీసుకోకూడదు. పార్శిలు దారిలో మూడు నాలుగు రోజులకన్న ఎక్కువ ఉండకుండా, ఆదివారం, పండుగ సెలవులు నడుమ పడకుండా పంపమని వ్రాయాలి. మట్టిగడ్డతో వచ్చే మొక్క బరువెక్కువ, క్షేమమూ ఎక్కువ. వేర్లకు తడినాచు చుట్టి పంపే మొక్క వచ్చిన వెంటనే వేర్లను కొన్ని గంటలు నీటిలో ఉంచి, ఆ పూటే నాటాలి. ఏ పద్ధతిలో వచ్చినా వారం రోజులు నీడ అవసరం. ఒకే రకం రెండు మొక్కలు తెప్పించుకొని ఒకటి నేలలో, ఒకటి కుండీలో పెట్టుకొన్నవారు దాదాపు ఎన్నడూ పూర్తిగా నష్టపోరు.

నాటిన తరువాత

గుంట ఒకటిన్నర నుండి రెండడుగుల లోతు. బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపిన మట్టి. నీరు నిలవరాదు. అంటుమొక్క అయితే కట్టిన చోటు నేలకు రెండంగుళాలు పైనే ఉండాలి. మంచు కురిసే దేశాల పుస్తకాలలో దానిని పాతిపెట్టమని ఉంటుంది, మనకు ఆ సలహా పనికిరాదు.

కత్తిరింపు విషయంలోనే పాత గులాబీలకు ఎక్కువ అన్యాయం జరుగుతున్నది. హైబ్రిడ్‌లకు అక్టోబరులో బలమైన కత్తిరింపు అలవాటు. అదే కత్తెర ఏడాదికొకసారి పూచే గులాబిమీద పడితే ఆ ఏడు పువ్వే ఉండదు. ఎందుకంటే అది పూచేది నిరుటి కొమ్మమీద. ఇటువంటివాటిని పూత ముగిసిన తరువాతనే, ఎండుకొమ్మలు, ముదిరినవి తీసివేసి కొంచెం సవరించాలి. 'మా గులాబి పూయదు' అన్న ఫిర్యాదుతో పీకివేసిన మొక్కలలో కొన్ని కేవలం అక్టోబరు కత్తెరకు బలియైనవే.

తెగుళ్ళకు పాతవన్నీ అతీతమన్న ప్రచారం అతిశయోక్తి. టీ, చైనా గులాబీలు నల్లమచ్చకు కొంత తట్టుకొంటాయి గాని బూర్బోన్‌లకు అది సులభంగా వస్తుంది. రాలిన ఆకులను ఏరి కాల్చకుండా మందు ఒక్కటే చల్లడం వృథా. కొమ్మ చివరనుండి నల్లబడుతూ దిగివచ్చే ఎండుతెగులుకు, ఆరోగ్యంగా ఉన్న తావు వరకు కోసి కోతమీద మందు పూయడమే మార్గం.

ఇక్కడితో పెంపకం ముగిసినట్లే. మిగిలినది పంచడం. నేటి నగరాలలో పాత ఇల్లు కూల్చి అంతస్తులు కట్టేటప్పుడు మొదట పోయేది పెరటి మొక్క. పునాది తవ్వకం ఏ నెలలో మొదలైనా సరే, అంతకు ముందే ఆ మొక్కనుండి పెన్సిలు లావు కొమ్మలు ఆరేడు అంగుళాల పొడవున కోసి, అడుగు ఆకులు తీసి, ఇసుక కలిసిన మట్టిలో సగం వరకు గుచ్చి, నీడలో తడి ఆరకుండా ఉంచవచ్చును. వానకాలం చివర, చలికాలం మొదట చేసినవి ఆరు నుండి ఎనిమిది వారాలలో వేరు పడతాయి. పదింటిలో నాలుగు నిలిచినా ఒక రకం బ్రతికినట్లే. పాఠశాల, కళాశాలల ఆవరణలో ఇటువంటి కొమ్మలకు ఒక మడి కేటాయిస్తే విద్యార్థులకు అంటు కట్టడం, గుర్తించడం రెండూ పట్టుబడతాయి.

ప్రతి మొక్కవద్ద ఒక రేకుముక్క ఉండాలి. దానిమీద పుస్తకంలోని పేరు తెలియకపోతే వ్రాయనక్కరలేదు. తెలియని పేరు ఊహించి వ్రాయడం, వ్రాయకుండా ఉండడంకన్న చెడ్డది. ఏ ఊరి, ఏ వీథి పెరటినుండి వచ్చినది, అక్కడివారు దానిని ఏమని పిలిచేవారు, ఏ సంవత్సరంలో తెచ్చినది, ఏ నెలలలో పూస్తున్నది, ఈ నాలుగే వ్రాయాలి. ఇంకు వెలిసిపోతుంది కాబట్టి మేకుతో చెక్కినట్లు వ్రాయడం మంచిది. అదే వివరం ఒక నోటు పుస్తకంలోకూడ ఎక్కించుకొని ఉంచితే, రేకు ఊడిపోయిన రోజున ఎవరినీ అడగవలసిన పని ఉండదు.